జై హింద్ అన్న మన హైదరాబాదీ: ఆబిద్ హసన్ సఫ్రానీ

ఆగస్టు 15న, జనవరి 26న మన హాస్టల్ ఆవరణలో జెండా ఎగిరాక అందరం గొంతెత్తి అనే మాట జై హింద్. సైనికులు ఒకరినొకరు పలకరించుకునేది ఆ మాటతోనే. ఆ మాటను నేతాజీ సుభాష్ చంద్రబోస్ సైన్యానికి అందించిన మనిషి మనకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో చదువుకున్నారు. ఆయన పేరు ఆబిద్ హసన్. చంపకరామన్ పిళ్ళై ఆ మాటను అంతకు ముందే వాడారనే వాదన కూడా ఉంది. అయితే ఒక సైన్యం మొత్తానికి అది పలకరింపుగా మారడం వెనుక ఆబిద్ హసన్ గారు ఉన్నారన్నదే ఎక్కువగా చెప్పుకునే చరిత్ర.

ఒక చిన్న సంగతి ముందే చెప్పాలి. ఆబిడ్స్ అనే పేరు ఈయన వల్ల రాలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ దుకాణం నడిపారు. ఆ దుకాణం పేరే ఆ ప్రాంతానికి నిలిచిపోయింది. మేము కూడా డిగ్రీలో చేరిన కొత్తలో, ఆదివారాలు అక్కడి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కుంటూ ఆబిడ్స్ అంటే ఎవరని చాలాసార్లు అనుకున్నాం.

ఈ సంచికకు ఆయన జీవితమే రాయాలని ఎందుకు అనిపించిందంటే, ఇంటర్, డిగ్రీ చదివే మన తమ్ముళ్ళు చాలామంది తెల్లవారకముందే లేచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ వైపు పరుగు తీస్తున్నారు. రాత్రి మెస్‌లో కంచాల ముందు ఒకటే చర్చ. ఆర్మీనా, నేవీనా, ఎయిర్‌ఫోర్సా? ఒకడికి ఎత్తు అర అంగుళం తక్కువ. ఇంకొకడు ఆర్ట్స్ గ్రూపు, వాయుసేన సైన్సు పోస్టుకు లెక్కలు, ఫిజిక్స్ లేవు. ఒకడు పుట్టి సముద్రమే చూడలేదు గానీ నేవీ అంటాడు. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ళు అయ్యాక ఏమిటన్న ప్రశ్న కూడా ఈ చర్చలో చేరింది. ఆబిద్ హసన్ గారి ముందు కూడా ఏ సైన్యం అన్న ప్రశ్న నిలిచింది. ఆయన మాత్రం దాన్ని వేరే వైపు నుంచి చూశారు.

ఆయన 1911 ఏప్రిల్ 11న హైదరాబాదులో పుట్టారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. ఆయన కుటుంబానికి కలిగి ఉండటమే గాక బ్రిటిష్ వారంటే గిట్టనితనం కూడా ఉంది. తల్లి ఫక్రుల్ హాజియా బేగం గట్టి జాతీయవాది. అప్పటి హైదరాబాదులో ఇది మామూలు విషయం కాదు. ఏడో నిజాం బ్రిటిష్ వారికి నమ్మకమైన మిత్రుడని బిరుదు పొందిన పాలకుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఇచ్చిన డబ్బుతో ఒక విమాన దళమే ఏర్పడింది. బ్రిటిష్ వాయుసేనలో దాని పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. అలాంటి సంస్థానంలో, రెసిడెన్సీకి కూతవేటు దూరంలో ఉన్న ఇళ్ళలో స్వదేశీ మాట మాట్లాడాలంటే గుండె ధైర్యం కావాలి.

ఆబిద్ హసన్ గారు కాలేజీ మానేసి గాంధీజీ బాట పట్టారు. సబర్మతి ఆశ్రమంలో కొంతకాలం ఉన్నారు. జైలుకు వెళ్ళారు. తరువాత ఇంజనీరింగ్ చదవడానికి విదేశం బయలుదేరారు. తోటి సంపన్నుల పిల్లలంతా ఇంగ్లండు వెళుతుంటే తల్లి కోరిక మీద ఈయన జర్మనీ వెళ్ళారు. ఆ ఒక్క నిర్ణయం ఆయన మిగతా జీవితాన్ని మార్చేసింది.

1941 ఏప్రిల్‌లో బోస్ బెర్లిన్ చేరారు. ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మన్లకు పట్టుబడిన భారతీయ సైనికులను కూడగట్టి ఒక దళం కట్టాలని ఆయన ప్రయత్నం. ఆ సభల్లో ఆబిద్ హసన్ గారు ఆయన్ను కలిశారు. చదువు పూర్తి చేసి వచ్చి చేరతానన్నారట. ఇంత చిన్న విషయాలకు ఆగిపోయేవాడు పెద్ద పనులు చేయలేడని బోస్ తేల్చేశారట. చదువు అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ వయసులో ఆయన బోస్‌కు కార్యదర్శి, దుబాసీ అయ్యారు.

మా మాట కూడా ఒకటి చెప్పాలి. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా మాకు గుటక పడదు. మా ఇంట్లో పట్టా చేతికి తెచ్చుకున్న మొదటివాళ్ళం మేమే. ఆ కాగితం కోసం అమ్మానాన్నలు ఎన్ని కూలి రోజులు లెక్కపెట్టుకున్నారో మాకు తెలుసు. చివరి మెట్టు మీద చదువు వదిలేయడం చిన్న విషయమని మన హాస్టల్లో ఎవరికీ మేము చెప్పలేం. ఆయన వెనుక ఆస్తి ఉంది, పేరున్న కుటుంబం ఉంది. అది కూడా లెక్కలో ఉండాలి.

ఇక సైన్యం సంగతి. అప్పటి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో ఎవరు పడితే వారు చేరలేరు. యుద్ధానికి పనికొచ్చే జాతులు, పనికిరాని జాతులు అని తెల్లదొరలు జనాన్ని విడగొట్టారు. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు మొదటి రకం. ఒకప్పుడు మద్రాసు సైన్యంలో ఈస్ట్ ఇండియా కంపెనీకి రాజ్యాలు గెలిచిపెట్టిన తెలుగు, తమిళ సిపాయీలు రెండో రకంలో పడ్డారు. 1920ల చివరికల్లా మద్రాసు పదాతి దళాలను రద్దు చేశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ ఆ సైన్యంలోనే సుబేదారుగా పనిచేశారు. ఆయన కులం వారికి 1892 నుంచి తలుపు మూసేశారు. చేరిన వారిలో కూడా మతానికో కంపెనీ, మతానికో వంటశాల.

బెర్లిన్‌లో బోస్, ఆబిద్ హసన్ కలిసి చేసిన పని ఈ గోడలు పడగొట్టడం. కొత్త దళంలో మతాన్ని బట్టి కంపెనీలు లేవు. సిక్కు పక్కన ముస్లిం, అతని పక్కన హిందువు. కానీ పొద్దున్నే ఎదురుపడితే ఒకరు రామ్ రామ్ అంటారు, ఒకరు సత్ శ్రీ అకాల్, మరొకరు సలాం. అందరికీ ఒకే పలకరింపు కావాలి. ఆ పని ఆబిద్ హసన్ గారి మీద పడింది. ముందు ఆయన హలో అంటే సరిపోతుందన్నారట. బోస్‌కు నచ్చలేదు. సిపాయీల నోళ్ళలో నలుగుతున్న మాటలు వింటూ తిరిగి జై హిందుస్తాన్ కీ అనే దగ్గర ఆగారు. అది పొడవైంది. కత్తిరిస్తే జై హింద్ మిగిలింది.

ఇక్కడ మనం కళ్ళు మూసుకోకూడని విషయం ఉంది. ఆ దళానికి అన్నం పెట్టింది హిట్లర్ ప్రభుత్వం. ఆ సైనికులు హిట్లర్ పేరు మీద కూడా ప్రమాణం చేశారు. యూదులను లక్షల సంఖ్యలో చంపుతున్న ప్రభుత్వమది. అదే 1941లో బాబాసాహెబ్ వైస్రాయి రక్షణ సలహా సంఘంలో ఉన్నారు. నాజీలు గెలిస్తే మానవజాతికే ముప్పని ఆయన నమ్మారు. మన వాళ్ళు బ్రిటిష్ సైన్యంలో చేరాలని ప్రోత్సహించారు. ఆ ఏడాదే బెల్గాంలో మహార్ రెజిమెంట్ ఏర్పడి మూసిన తలుపు తెరుచుకుంది. ఆ రోజుల్లో మన వాడల్లో పుట్టి ఉంటే మేము ఏ వరుసలో నిలబడేవాళ్ళం? మా మటుకు బాబాసాహెబ్ చూపిన వరుసలోనే. యూనిఫాం, జీతం, ఊళ్ళో తల ఎత్తుకు తిరిగే హక్కు దాంతో వచ్చేవి. అయినా ఆబిద్ హసన్ గారి దళంలోని ఆ ఒకే వంటశాల మాట వింటే మనసు అటు లాగుతుంది. రెండు గ్లాసుల హోటళ్ళున్న ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ ఒకే మెస్‌లో తింటున్న వాళ్ళకు దాని విలువ చెప్పక్కర్లేదు.

1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి యు-180 అనే జర్మన్ జలాంతర్గామి బయలుదేరింది. అందులో భారతీయులు ఇద్దరే, బోస్, ఆబిద్ హసన్. ఎక్కడికి వెళుతున్నదీ ఆబిద్ హసన్ గారికి ముందుగా తెలియదు. లోపల నిలువుగా నిలబడే చోటు లేదు, ఎక్కడ చూసినా డీజిల్ వాసన. ఇక చదువు, రాత బాధ తప్పిందనుకున్నారట గానీ బోస్ రోజూ ప్రసంగాలు చెప్పి రాయిస్తూనే ఉన్నారు. స్త్రీలకు ఒక రెజిమెంట్ పెట్టాలన్న ఆలోచన ఆ ఇనుప గొట్టంలోనే రూపు దిద్దుకుంది. జర్మన్ల రొట్టె, మాంసం బోస్‌కు సయించలేదు. ఆబిద్ హసన్ గారు సామాన్ల గదిలో వెతికి బియ్యం, పప్పు సంపాదించి కిచిడీ వండారు. బోస్ దాన్ని జర్మన్ అధికారులకు కూడా వడ్డించమనేసరికి, ఉన్న కాస్త బియ్యం అయిపోతాయని ఆయనకు దిగులు పట్టుకుంది.

ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర, ఎగసిపడే సముద్రంలో, ఇద్దరూ రబ్బరు పడవ ఎక్కి ఐ-29 అనే జపాను జలాంతర్గామికి మారారు. ఒక దేశపు జలాంతర్గామి నుంచి మరో దేశపు జలాంతర్గామికి యుద్ధం మధ్యలో ప్రయాణికులు మారడం అరుదైన సంఘటన. జపాను వంటవాళ్ళు పెనాంగ్‌లో భారతీయ మసాలా దినుసులు కొని తెచ్చి పెట్టుకున్నారట. మే నెల మొదట్లో సుమత్రా దగ్గరి సబాంగ్ చేరారు. దాదాపు మూడు నెలలు నీళ్ళలోనే గడిచాయి. నేవీ కావాలనే మన తమ్ముడికి ఈ భాగం ప్రత్యేకంగా చెప్పాం.

1943 అక్టోబరు 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించారు. దాని జాతీయగీతం రాసిన వారిలో కూడా ఆబిద్ హసన్ గారు ఉన్నారు. ఆజాద్ హింద్ ఫౌజులోకి మలయా రబ్బరు తోటల నుంచి వేలమంది కూలీలు వచ్చి చేరారు. ఎక్కువమంది తమిళులు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తోటలో పాలు గీసే కత్తి తప్ప ఆయుధం పట్టని చేతులు తుపాకీ పట్టాయి. యుద్ధ జాతి సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. చిత్రమేమంటే 1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలో దిగినప్పుడు కోటా బారు విమానాశ్రయాన్ని కాపలా కాస్తున్నది నిజాం గారి హైదరాబాద్ పదాతి దళం. ఒకే ఊరి వాళ్ళు ఆ యుద్ధంలో రెండు వైపులా ఉన్నారు.

బోస్ పక్కన కార్యదర్శిగా ఉండిపోతే ఆయనకు ప్రాణభయం తక్కువ. అయినా మేజర్ హోదాలో ఇంఫాల్ యుద్ధరంగానికి గాంధీ రెజిమెంట్ వెంట వెళ్ళారు. 1944 వర్షాకాలంలో అది ఓటమిగా ముగిసింది. తిండి లేదు, మందు లేదు. మలేరియాతో, విరేచనాలతో దారి పొడవునా మనుషులు రాలిపోయారు. ఆ తిరుగు ప్రయాణం గురించి ఆయన తరువాత ఇంగ్లీషులో ద మెన్ ఫ్రమ్ ఇంఫాల్ అనే చిన్న పుస్తకం రాశారు. అందులో గొప్పలు లేవు. ఏయే ప్రాంతాల, ఏయే మతాల మనుషులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారో ఉంది.

సఫ్రానీ అన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. జెండా రంగు మీద పేచీ వచ్చింది. హిందువులు కాషాయం అన్నారు, ముస్లింలు ఆకుపచ్చ అన్నారు. చివరకు హిందూ సైనికులు తమ పట్టు వదులుకున్నారు. అది చూసి కదిలిపోయిన ఆబిద్ హసన్ గారు ఆ కాషాయాన్నే తన పేరు చివర పెట్టుకున్నారని చెబుతారు. జాఫ్రాన్ అంటే కుంకుమపువ్వు, దాని రంగే సఫ్రానీ.

1945 ఆగస్టు 17న సైగాన్‌లో బోస్ ఎక్కిన విమానంలో ఇంకొక్కరికే చోటు దొరికింది. హబీబుర్ రహమాన్ వెళ్ళారు. వెనుక ఉండిపోయిన వారిలో ఆబిద్ హసన్ గారు ఒకరు. మర్నాడు తైవాన్‌లో ఆ విమానం కూలింది. ఈయన బ్రిటిష్ వారికి బందీ అయ్యారు, విచారణలు ముగిశాక బయటపడ్డారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆజాద్ హింద్ ఫౌజు వారిని భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. ఆ సైన్యం పలకరింపును తీసుకున్నారు గానీ ఆ సైనికులను కాదు. ఇది మాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు అదే యుద్ధకాలంలో బ్రిటిష్ ఇండియా వాయుసేనలో చేరి, 1947లో పాకిస్తాన్ కాదని భారత్‌ను ఎంచుకుని, 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. ఆబిద్ హసన్ గారికి ఆ దారి లేదు. ఆయన కొంతకాలం ఒక బల్బుల కంపెనీలో పనిచేసి, తరువాత విదేశాంగ సర్వీసులో చేరారు. ఈజిప్టు, చైనా, ఇరాక్, సిరియా, డెన్మార్క్ వంటి దేశాల్లో పనిచేసి 1969లో రిటైరై హైదరాబాదు వచ్చేశారు.

1984 ఏప్రిల్ 5న ఈ నగరంలోనే కన్నుమూశారు. అన్నగారి కూతురు సురయా హసన్ బోస్ నేతాజీ కుటుంబానికి కోడలయ్యారు. ఆమె రాయదుర్గం దగ్గర చిన్నాన్న ఇచ్చిన స్థలంలో మగ్గాలు పెట్టి, భర్తలు పోయిన ఆడవాళ్ళకు హిమ్రూ నేత నేర్పారు. ఆ మగ్గాల పక్కనే సఫ్రానీ మెమోరియల్ హైస్కూలు పెట్టి, చుట్టుపక్కల పేద పిల్లలను చదివించారు.