విప్పి బిగించిన విద్య

పైకి లేపితే హెచ్చే మోటారు సైకిలు గేరును, క్రిందికి నొక్కితే హెచ్చేటట్లు మార్చుకోగోరే విద్యార్థి ఉస్మానియా ఆవరణలో ఉన్నా, తార్నాకలో ఉన్నా, జి.డి. నాయుడుకు వారసుడే. ఆయన 1893లో కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో తెలుగు రైతు కుటుంబాన జన్మించారు. బడిచదువు అబ్బలేదు. ఒకనాడు తెల్లదొర రడ్జ్ మోటారు సైకిలును చూచి మనసు పారేసికొన్నారు. కోయంబత్తూరు హోటలులో వడ్డన చేసి, కాసు కాసు కూడబెట్టి, బండి కొని, మర మర విప్పి, మరల బిగించి, దాని గుట్టు గ్రహించారు. ఉపాధ్యాయుడు లేని పాఠమది!

1920లో పొల్లాచ్చి, పళనిల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారం ఆరంభించారు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల నెలకొల్పడానికి తోడ్పడి, దానికి ప్రిన్సిపాలైనారు. నాలుగేండ్ల చదువు రెండేండ్లలో చెప్పవచ్చునని వాదించారు. అందులో కొంత అతి ఉన్నదేమో. ప్రభుత్వం ఒప్పలేదు. నాయుడు పదవి విడిచారు. 1974లో కాలధర్మం చెందారు.