శోకాన్ని చెక్కిన చేతులు

మానవ శరీరాన్ని ఉన్నదున్నట్లు చిత్రించడమే చిత్రకళకు పరమార్థమని లోకం చాలాకాలం భావించింది. అయితే హృదయంలోని వేదన కంటికి కనిపించాలంటే ఆకృతిని కొంత మార్చక తప్పదని ఆధునిక ముద్రణ చిత్రకారులు గ్రహించారు. వారిలో అగ్రగణ్యురాలు జర్మనీకి చెందిన కేథే కోల్విట్జ్.

ఆమె 1867 జూలై 8న ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించింది. నేడది రష్యాలోని కలినిన్‌గ్రాడ్. కుమార్తె ప్రతిభను గుర్తించిన తండ్రి ఆమెకు చిత్రకళలో శిక్షణ ఇప్పించాడు. 1891లో కార్ల్ కోల్విట్జ్ అనే వైద్యుని వివాహమాడి, బెర్లిన్‌లోని కార్మికవాడలో కాపురం పెట్టింది. భర్త వద్దకు చికిత్సకై వచ్చే నిరుపేద స్త్రీల వంగిన నడుములు, కాయలు కాచిన చేతులు ఆమె కళకు వస్తువులయ్యాయి. ఒకే ఫలకం నుండి అనేక ప్రతులు తీయవచ్చు కనుక ముద్రణచిత్రం సామాన్యులకు సైతం అందుతుందని ఆమె ఆ మార్గాన్నే ఎంచుకొన్నది.

నేతకార్మికుల తిరుగుబాటుపై ఆమె రూపొందించిన ఆరు చిత్రాలను 1898లో బెర్లిన్‌లో ప్రదర్శించారు. న్యాయనిర్ణేతలు స్వర్ణపతకానికి సిఫారసు చేసినా చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ అంగీకరించలేదు.

1903లో ఆమె మృతశిశువును హత్తుకొన్న తల్లిని లోహఫలకంపై చిత్రించింది. అందుకోసం ఏడేళ్ళ కుమారుడు పీటర్‌ను ఒడిలో ఉంచుకొని అద్దం ముందు కూర్చున్నది. ఆ చిత్రంలో తల్లి ముఖం బిడ్డ గుండెలలో దాగిపోయింది. బలమైన మోకాళ్ళు, చేతులు బిడ్డను చుట్టివేశాయి. అందులో అందం లేదు. శోకం మాత్రమే ఉన్నది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. పద్ధెనిమిదేళ్ళ పీటర్ సైన్యంలో చేరదలచాడు. దానికి తండ్రి అనుమతి అవసరం. కార్ల్ ససేమిరా అన్నాడు. భర్తను ఒప్పించినది కేథేయే. ఆ అక్టోబరులోనే పీటర్ బెల్జియంలో నేలకొరిగాడు. తన మాటే బిడ్డను మృత్యుముఖానికి పంపిందన్న బాధ ఆమెను జీవితాంతం వెన్నాడింది.

ఆ వేదనను వెల్లడించడానికి సన్నని గీతలు చాలలేదు. 1920లో ఎర్నస్ట్ బార్లాఖ్ చెక్కఅచ్చు చిత్రాలను చూసిన ఆమె తానూ ఉలి చేపట్టింది. చెక్కలో తొలగించిన భాగం తెల్లగా, మిగిలిన భాగం నల్లగా అచ్చుపడుతుంది. ఈ పద్ధతిలో యుద్ధంపై ఏడు చిత్రాలు చెక్కింది. వాటిలో ఒకటి పుత్రశోకంలో ఉన్న దంపతులది. మోకరిల్లిన ఇద్దరి శరీరాలు కలిసి ఒకే నల్లని బండరాయిగా మారాయి. ముఖాలు కనిపించవు. దుఃఖమంతా చేతులలో, వంగిన వీపులలో పలుకుతుంది. ఆ వికృతి నైపుణ్యలోపం కాదు. యథార్థాన్ని పలికించే సాధనం.

కుమారుని స్మారకంగా తలపెట్టిన శిల్పాలు 1932లో బెల్జియంలోని సైనిక శ్మశానవాటికకు చేరాయి. 1919లో ప్రష్యన్ కళా అకాడమీకి ఎన్నికైన తొలి మహిళగా కీర్తి పొందిన ఆమెను 1933లో నాజీ ప్రభుత్వం అక్కడి నుండి వైదొలగేటట్లు చేసింది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో, రెక్కల క్రింద పిల్లలను దాచుకొనే కోడివలె బాలురను పొదువుకొన్న తల్లిని చిత్రించి, యువకులను యుద్ధానికి బలి ఇవ్వరాదని చాటింది. అయినా 1942లో పీటర్ పేరే పెట్టుకొన్న ఆమె మనుమడు యుద్ధానికి ఆహుతయ్యాడు. యుద్ధం ముగియడానికి కొద్దిరోజుల ముందు, 1945 ఏప్రిల్ 22న ఆమె కన్నుమూసింది. ఒకనాడు బిడ్డను యుద్ధానికి సాగనంపిన ఆ తల్లి చేతులే, మరే తల్లికీ ఆ గతి పట్టరాదని తుదివరకు శ్రమించాయి.