మాల్థస్ బోధకుడు – పొలము లెక్క

థామస్ రాబర్ట్ మాల్థస్ 1766లో ఇంగ్లాండు దేశమున సర్రే సీమయందు జన్మించెను. పుట్టుకతోనే అంగిలి చీలియుండుటచేత ఆయన మాట స్పష్టముగా ఉండెడిది కాదు. అయినను కేంబ్రిడ్జిలో గణితము చదివి, అభిషేకము పొంది, ఓక్‌వుడ్ అను చిన్న గ్రామ దేవాలయములో సేవచేసెను.

మానవుని బుద్ధి పెరిగినకొలది లేమి తొలగిపోవునని గాడ్విన్ అను రచయిత ఆ దినములలో బోధించెను. మాల్థస్ తండ్రి ఆ మాట మెచ్చెను, కుమారుడు ఒప్పలేదు. ఆ వాదమునుండియే 1798లో, పేరు లేకుండ, ఆయన గ్రంథము వెలువడెను. ఆటంకము లేనియెడల జనము ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగును. ఆహారము ఒకటి, రెండు, మూడు, నాలుగుగానే పెరుగును. కరవును రోగమును జనమును తగ్గించునని ఆయన లెక్క.

ఆహారమేల వెనుకబడును? సేద్యము చేయు మనకిది తెలిసినదే. పొలమునకు మొదటి బండి ఎరువు తోలినప్పుడు పంట హెచ్చును. బండ్లు పెంచుచు పోయినకొలది ఆ హెచ్చు తగ్గుచు వచ్చును. మంచి నేల చాలనప్పుడు రాతినేల దున్నవలెను. దీనినే అర్థశాస్త్రజ్ఞులు క్షీణ ప్రతిఫల సూత్రమందురు. 1815లో కౌలును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో మాల్థస్ దీనిని విశదపరచెను.

1805 మొదలు మరణమువరకు ఆయన ఈస్టిండియా కంపెనీ కళాశాలలో ఆచార్యుడు. మద్రాసు రాజధానికి అధికారులు అచ్చటనుండియు వచ్చిరి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే.

ఆయన 1834లో మరణించెను. 1838లో డార్విన్ ఆ గ్రంథము చదివెను. మొక్కలును జంతువులును తిండికి మించి పుట్టును గనుక, ఉపయోగకరమైన చిన్న భేదము గలవి మిగిలి, ఆ భేదమును సంతతికిచ్చునని ఆయనకు తోచెను. 1858లో తూర్పు దీవులలో జ్వరముతో పండుకొనియున్న వాలెస్‌కు అదే గ్రంథము జ్ఞాపకము వచ్చి, అదే తలంపు కలిగెను. వింత యేమనగా, చిన్న తల గల గొఱ్ఱెలను ఎన్ని తరములు ఏర్చి పెంచినను వాటి తల ఎలుక తలంత కాజాలదని, మార్పునకు హద్దున్నదని మాల్థస్ వ్రాసియుండెను. ఆయన హద్దు చూచిన చోటనే డార్విన్ క్రొత్త జాతులకు మార్గము చూచెను.

ఆయన లెక్కలో లోపము లేకపోలేదు. తరువాతి నూరేండ్లలో క్రొత్త భూములు, పనిముట్లు, ఎరువులు ఇంగ్లాండునకు ఆహారము పెంచెను, కాన్పులును తగ్గెను. సేద్యపు రీతి మారనంతవరకే ఆ సూత్రము నిలుచును. అంతకంటె విచారకరమైనది, బీదలకిచ్చు ధర్మము బీదలనే పెంచునని ఆయన తలంచి, ఆ చట్టములను క్రమముగా ఎత్తివేయుమనుట. దయలేనివారికి అది సాకాయెను.

పొలమునకు హద్దున్నదను మాట నిజమే. ఇశ్రాయేలీయుల పొలములకును హద్దుండెను. అయినను పొలపు అంచులు కోయక బీదలకు విడువవలెనని వారికి ఆజ్ఞ యుండెను. పంట ఎంత పండునో నేల చెప్పును. ఆకలిగొన్నవానికి అందులో ఎంత విడువవలెనో మన హృదయమే చెప్పవలెను.