బడి సర్టిఫికెట్ లేని శాస్త్రవేత్త – ఆల్బర్ట్ క్లాడ్

పరీక్షలో కణం బొమ్మ గీసి, మైటోకాండ్రియా, అంతర్జీవద్రవ్యజాలం అని భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటాం. ఆ బొమ్మ వెనుక హైస్కూలు సర్టిఫికెట్ కూడా లేని ఒక వ్యక్తి శ్రమ ఉంది. ఆయనే ఆల్బర్ట్ క్లాడ్.

19వ శతాబ్దం చివర్లో బెల్జియం దేశంలోని ఒక చిన్న పల్లెటూరులో ఆయన జన్మించారు. అన్ని తరగతులూ ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయునితో నడిచే బడిలో అక్షరాలు దిద్దారు. ఏడేళ్ల వయసులోనే తల్లి రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. తర్వాత మంచాన పడిన బంధువుకు సేవ చేయడం కోసం చదువు ఆగిపోయింది. ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో స్వచ్ఛందంగా బ్రిటిష్ గూఢచారి విభాగానికి పనిచేశారు.

యుద్ధం ముగిశాక డాక్టరు కావాలన్న కోరిక బలపడింది. కానీ చేతిలో సర్టిఫికెట్ లేదు. అప్పుడే, యుద్ధంలో పనిచేసినవారు డిప్లొమా లేకున్నా ఉన్నత విద్య చదవవచ్చని బెల్జియం ప్రభుత్వం చట్టం చేసింది. ఆ అవకాశంతో 1922లో లీజ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1928లో వైద్య పట్టా పొందారు. 1929లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు వెళ్లి క్యాన్సర్ పరిశోధన మొదలుపెట్టారు.

కణాలను నూరి, ఆ ద్రవాన్ని యంత్రంలో వేగంగా గిరగిర తిప్పితే బరువైన భాగాలు ముందు, తేలికైనవి తర్వాత అడుగుకు చేరతాయి. ఈ పద్ధతితో ఆయన కణభాగాలను వేరుచేశారు. అయితే మామూలు సూక్ష్మదర్శినిలో, మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపిస్తాయి. అందుకే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని ఆశ్రయించారు. అప్పటికి కణాన్ని అంత పలుచగా కోసే సాధనాలు లేవు. కీత్ పోర్టర్ కోడిపిండం కణాలను పలుచని ప్లాస్టిక్ పొరపై పెంచగా అవి బాగా పరుచుకున్నాయి. పోర్టర్, క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ ముగ్గురూ కలసి 1945లో పూర్తి కణం యొక్క ఎలక్ట్రాన్ చిత్రాలను ప్రచురించారు. అందులో లేసు అల్లికవంటి వల కనిపించింది. అదే మనం చదివే అంతర్జీవద్రవ్యజాలం.

1974లో క్రిస్టియన్ డి డూవ్, జార్జ్ పలాడేలతో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. 1983లో మరణించారు.

నేడు శాస్త్రవేత్తలు రెండు సూక్ష్మదర్శినులనూ కలిపి వాడుతున్నారు. మెరిసే ప్రోటీన్ల సాయంతో కావలసిన భాగం కణంలో ఎక్కడుందో కాంతితో గుర్తిస్తారు. తర్వాత అదే కణాన్ని పొరపొరగా చెక్కుతూ, ఒక్కొక్క పొరకూ ఎలక్ట్రాన్ చిత్రం తీస్తారు. వాటిని కంప్యూటర్ వరుసగా పేర్చితే కణం పొడవు, వెడల్పు, లోతులతో కనిపిస్తుంది.

సోదర విద్యార్థులారా! క్లాడ్‌కు తెలివి ముందే ఉంది. తలుపు తెరిచింది ఒక చట్టం. మన హాస్టల్ కూడా అటువంటి తలుపే. అది తెరిచి ఉండగానే లోపలికి అడుగు పెడదాం. మన వెనుక వచ్చే తమ్ముళ్ల కోసం దాన్ని మూతపడనీయకుండా చూద్దాం.