నాయకురాలు నాగమ్మ, పల్నాటి కోడిపందెము

దాచేపల్లి మండలములోని గామాలపాడు మనకందరికిని తెలిసిన ఊరే. మనలో అనేకులు ఆ దారిని సంతకును చుట్టాల యిండ్లకును పోవుచు వచ్చుచు నుందురు. పల్నాటి వీరకథలో జిట్టగామాలపాడని చెప్పబడినది ఈ యూరే. ఈ ఊర పెరిగిన ఒక విధవరాలు 12వ శతాబ్దములో రాజ్యమునకు మంత్రిణి యాయెను. ఆమె పేరు నాగమ్మ. మన ప్రాంతములో నాయకురాలు అన్న చాలును, పేరు చెప్పనక్కరలేదు.

ఆమె పుట్టినది ఇక్కడ కాదు. కరీంనగరు సీమలోని ఆర్వెల్లి అను గ్రామమున చౌదరి రామిరెడ్డి అను రైతునకు కుమార్తెగా పుట్టి, మేనమామయైన జగ్గారెడ్డి యింటికి పల్నాడు వచ్చెనని కథ. పెండ్లియైన కొద్ది కాలములోనే భర్త చనిపోయెను. ఆ దినములలో విధవకు మిగిలినది వంటయింటి మూల మాత్రమే. ఆమె ఆ మూలను కూర్చుండలేదు. చదువు నేర్చెను, వ్యవసాయము చూచుకొనెను, ఊరి తగవులు తీర్చెను. మన సంఘములలో చిన్న వయస్సున విధవరాండ్రైన తల్లులు పొలము, పిల్లలు, అప్పులు అన్నియు ఒంటిచేత మోయుచుండుట చూచుచున్నాము గనుక, ఇది మనకు నమ్మరాని సంగతి కాదు.

పల్నాటి ప్రభువగు అనుగురాజు ఒకప్పుడు పరివారముతో వేటకు వచ్చి అలసి ఆ యూరు చేరగా, నాగమ్మ అందరికిని నీడయు అన్నమును సమకూర్చెను. రాజు సంతోషించి ఏమి కావలెనని అడిగెను. ఆమె నగలు అడుగలేదు, మాన్యము అడుగలేదు. కొన్ని గడియలపాటు మంత్రిపదవి కావలెనని అడిగి, ఆ మాటను పత్రముమీద వ్రాయించుకొని దాచుకొనెను. అనుగురాజు గతించి అతని కుమారుడు నలగామరాజు గురజాలలో రాజైన తరువాత ఆ పత్రము బయటికి వచ్చెను. గడియల పదవి ఏండ్లతరబడి పదవి యాయెను.

అప్పటికి మంత్రి బ్రహ్మనాయుడు. మాలవాడైన కన్నమదాసును కుమారునివలె చేరదీసి సేనలో నాయకునిగా నిలిపినవాడు, అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించినవాడు ఇతడే. ఒక కొలువులో ఇద్దరు గట్టివారు ఇముడుట కష్టము. చివరకు రాజ్యము రెండాయెను. నలగాముడు నాగమ్మతో గురజాలలోను, అతని సవతి తమ్ముడు మలిదేవుడు బ్రహ్మనాయునితో మాచర్లలోను నిలిచిరి.

ఇక కోడిపుంజు సంగతి. కోడి మనిషియింట చేరి ఎంత కాలమైనదో 2022లో పండితులు క్రొత్తగా లెక్క కట్టిరి. థాయిలాండు దేశములో సుమారు 3,500 ఏండ్ల నాటి ఎముకలే అన్నిటికంటె పాతవని తేలినది. వరి, చిరుధాన్యములు పండించిన చోట అడవికోడి గింజలకై వచ్చి, మెల్లమెల్లగా పెరటి కోడి యాయెనట. మన కల్లముల చుట్టు తిరుగు కోళ్లను చూచినవారికి ఇది ఆశ్చర్యము కాదు. మనకు కోడికూత అనగానే పేతురు జ్ఞాపకము వచ్చును. గ్రీకులకో కోడి అనగా పోరు. ఏథెన్సు పట్టణమున ఏటేట కోడిపోరు జరిపెడివారు. మన తెలుగువారు దానిని శాస్త్రముగానే చేసిరి. ఈకల రంగునుబట్టి కాకి, డేగ, నెమలి, పర్ల, సవల అని పేర్లు పెట్టి, ఏ దినమున ఏ రంగు గెలుచునో కుక్కుటశాస్త్రములో వ్రాసుకొనిరి. అంత శ్రద్ధ కోడిమీదనా, పందెపు డబ్బుమీదనా అని అడుగవలసి యున్నది.

నాగమ్మ పుంజు పేరు శివంగి డేగ. బ్రహ్మనాయుని పుంజు చిట్టిమల్లు. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పందెము. ఒక మేకనో, ఒక ఎకరమునో కాదు, వేలమంది బ్రతుకులను రెండు పక్షుల కాళ్లకు కట్టిరి. మొదట చిట్టిమల్లు పైచేయిగా నుండెననియు, తరువాత శివంగి డేగ గెలిచెననియు, అందులో నాగమ్మ మోసము చేసెననియు కథ చెప్పువారందురు. మోసమున్నను లేకున్నను పందెమునకు ఒప్పుకొన్నది ఇరుపక్షములును. ఇందులో బ్రహ్మనాయుని వివేకమును నేను మెచ్చుకొనలేను.

మాచర్లవారు ఆలమందలతో, పిల్లలతో వలసపోయిరి. పశువులకును నెమ్మది దొరకలేదు. మందలమీదికి శత్రువులు వచ్చిన ఆ కలహమునకే మందపోరని పేరు. ఏడేండ్లు నిండినవి. రాజ్యభాగము అడుగుటకు రాయబారిగా వచ్చిన అలరాజు నలగామునికి స్వయముగా అల్లుడు. అతడు చర్లగుడిపాడులో విషమువలన చనిపోయెను. ఆ నేరము నాగమ్మమీద మోపబడినది. సుమారు 1182లో కారెంపూడియొద్ద నాగులేటి గట్టున సేనలు కలిసికొనెను. బ్రహ్మనాయుని ఒక్క కుమారుడు, ఇంకను పసితనము వీడని బాలచంద్రుడు అక్కడనే పడిపోయెను. మన దాచేపల్లిని ఒరసికొని పోవు నాగులేరు అదే. యుద్ధము ముగిసిన పిమ్మట బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలములో ప్రవేశించెనని చెప్పుదురు.

ఈ కథను తరతరములుగా పాడినవారు వీరవిద్యవంతులు. వారి అభిమానము మాచర్ల పక్షముననే. 15వ శతాబ్దమున శ్రీనాథుడు ద్విపదలో చెప్పినదియు ఆ వీరుల చరిత్రయే. గురజాల పక్షమున పాడినవారు లేరు గనుక, తగవులమారి ఆడుదానిని గూర్చి నాయకురాలని ఎత్తిపొడుచుట మన ఇండ్లలో వాడుకయైనది. ఆమెకు అధికారదాహము లేదని నేననను. అయితే మగవారు పెట్టిన పందెము, మగవారు చేసిన యుద్ధము ఒక స్త్రీ పేరునను ఒక కోడి పేరునను నిలిచిపోవుట న్యాయము కాదు. చిట్టిమల్లును ఎవరును అడుగలేదు గదా!

ఇంగ్లండు దేశము 1835లోనే కోడిపోరును నిషేధించినది. మన దేశములో జంతువులను పోరాడించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. పందెము కాయుట 1974 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము నేరము. అయినను సంక్రాంతికి కాళ్లకు కత్తులు కట్టిన పుంజులు బరిలో దిగుచునే యున్నవి. ఎడ్లు అమ్మిన సొమ్ముతో పందెమునకు పోయి వట్టిచేతులతో తిరిగివచ్చినవాని యింట ఆ రాత్రి పొయ్యి వెలుగదు.

కారెంపూడి వీరుల గుడియొద్ద ఏటేట కార్తికమాసపు అమావాస్యనాడు మొదలుపెట్టి ఐదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. నాల్గవ దినమున బ్రహ్మనాయుని పక్షమున ఒక పుంజును, నాగమ్మ పక్షమున ఒక పుంజును జనము నడుమ ఎదురెదురుగా నిలుపుదురు. చుట్టుపట్ల గ్రామములనుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు ఇప్పుడు ఆటోలలో వచ్చుచున్నారు.