కేఎల్ రావు: పల్నాడు గడపలో కృష్ణమ్మను ఆపిన ఇంజినీర్

2023 నవంబర్ 30. తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లారేసరికి నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. మొత్తం 26 గేట్లలో 13 గేట్లను ఏపీ తన ఆధీనంలోకి తీసుకుంది. కుడి కాలువకు నీళ్లు వదిలింది. చివరికి డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్ చేతికి వెళ్లింది.

ఒక్క డ్యామ్ కోసం ఇంత గొడవ ఎందుకు? జవాబు కావాలంటే డాక్టర్ కానూరి లక్ష్మణరావు కథ తెలుసుకోవాలి. అందరికీ తెలిసిన పేరు కేఎల్ రావు.

డెల్టాలో పుట్టాడు.. మెట్టకు నీళ్లిచ్చాడు

కేఎల్ రావు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. స్కూల్లో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆగలేదు. మద్రాసులో ఇంజినీరింగ్ చదివారు, రంగూన్‌లో పాఠాలు చెప్పారు, 1939లో ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు.

ఆయన పుట్టిన ఊరు డెల్టా. 1855లోనే బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. పల్లపు నేల కాబట్టి నీళ్లు వాటంతట అవే పారాయి. మాగాణి పెరిగింది, డబ్బు వచ్చింది, ఆ వెనకే చదువులు వచ్చాయి.

అదే నది ఎగువన మాచర్ల, గురజాల పక్క నుంచే వెళ్తుంది. కానీ అక్కడ నది లోతున, పొలం ఎత్తున. కింద సున్నపురాయి, పైన మెట్ట పంటలు. పల్నాడు అంటే జొన్నకూడు, రాళ్లు అనే మాట శ్రీనాథుడి చాటువుల నాటి నుంచీ ఉంది. ఒకే నది, ఒకే జనం. తేడా అంతా నేల ఎత్తులోనే.

సిమెంట్ కొరత.. మనుషులకు కొదవ లేదు

చదువయ్యాక తిరిగొచ్చిన కేఎల్ రావు మద్రాసు ప్రభుత్వంలో పోలవరం దగ్గర కట్టాలనుకున్న రామపాదసాగర్ డిజైన్ మీద పనిచేశారు. అది కాగితాల మీదే ఆగిపోయింది. 1950లో ఢిల్లీ వెళ్లి సెంట్రల్ వాటర్ అండ్ పవర్ కమిషన్‌లో చేరారు. డిజైన్ల డైరెక్టర్‌గా, తర్వాత చీఫ్ ఇంజినీర్‌గా పనిచేశారు.

ఇటు కృష్ణా నీళ్లను పెన్నా వైపు మళ్లించాలన్న మద్రాసు ప్లాన్‌ను ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గట్టిగా వ్యతిరేకించారు. నందికొండ దగ్గర డ్యామ్ కట్టాలని పోరాడారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండకే ఓకే చెప్పింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ఇక్కడే అసలు ప్రశ్న వచ్చింది. దేనితో కట్టాలి? ఉత్తరాన భాక్రా డ్యామ్‌ను అమెరికన్ నిపుణులను పిలిపించి కాంక్రీట్‌తో కడుతున్నారు. కాంక్రీట్ అంటే బోలెడు సిమెంట్, విదేశీ మెషీన్లు, డాలర్లు. దేశం దగ్గర డాలర్లు లేవు. ఉన్నది రాయి, పని కోసం ఎదురుచూసే జనం. అందుకే సాగర్ రాతి డ్యామ్ అయింది. డిజైన్ పనిలో కేఎల్ రావుది కీలక పాత్ర.

పాలమూరు కూలీలతో సహా వేలాది మంది ఆడా మగా రాళ్లు మోశారు. పనిలో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. సుమారు 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ గోడ ప్రపంచంలోనే అతిపెద్ద రాతి డ్యామ్‌లలో ఒకటి. దాన్ని కట్టిన పాలమూరు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వలసల జిల్లాగానే మిగిలింది.

ఇంకో నష్టం కూడా జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయ నీళ్ల కింద పోయింది. 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదకు, కొన్నింటిని మాచర్ల వైపున్న అనుపుకు తరలించింది.

ఓడల్లో వచ్చిన గోధుమలు

కేఎల్ రావు 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967, 1971లో కూడా ఆయనే. 1963 నుంచి 1973 వరకు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ చూశారు. ఆత్మకథకు కూడా క్యూసెక్స్ క్యాండిడేట్ అనే పేరు పెట్టుకున్నారు.

ఆ పదేళ్లు దేశానికి గడ్డుకాలం. 1965, 66లో వరసగా కరువు. 1966లో దాదాపు కోటి టన్నుల తిండిగింజలు దిగుమతి చేసుకున్నాం. ఎక్కువ భాగం అమెరికా గోధుమలే. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను కొంచెం కొంచెంగా వదిలేవారు. వియత్నాం యుద్ధం మీద భారత్ విమర్శలు ఆయనకు నచ్చలేదు. తిండికి పరాయి దేశం మీద ఆధారపడితే విదేశాంగ విధానానికీ కళ్లెం పడుతుందని అప్పుడు అర్థమైంది.

సరిగ్గా ఆ సమయంలోనే, 1967 ఆగస్టు 4న, ఇందిరా గాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 203 కిలోమీటర్ల కుడి కాలువ కింద ఆయకట్టు 11 లక్షల ఎకరాలకు పైనే. జొన్న పండిన చోట వరి వచ్చింది. పత్తి, మిర్చికి తడి దొరికింది.

గంగ, కావేరి కల

1972లో కేఎల్ రావు ఇంకా పెద్ద ప్లాన్ వేశారు. పాట్నా దగ్గర గంగ నుంచి వరద కాలంలో 60 వేల క్యూసెక్కులు తీసుకోవాలి, 2,640 కిలోమీటర్లు నడిపి కావేరికి చేర్చాలి. మ్యాప్ మీద బాగానే ఉంది. కానీ మధ్యలో 500 మీటర్లకు పైగా నీళ్లు ఎత్తిపోయాలి. అందుకు వేల మెగావాట్ల కరెంట్ కావాలి. ఖర్చు తక్కువ లెక్కేశారని కేంద్ర జల సంఘం తేల్చింది. ప్లాన్ ఆగిపోయింది. అయినా నదుల అనుసంధానం అనగానే ఇప్పటికీ మొదట వచ్చే పేరు ఆయనదే.

పేరు మిగిలింది.. పని కూడా

కేఎల్ రావు 1986లో కన్నుమూశారు. సాగర్‌కు దిగువన 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. 45.77 టీఎంసీల ఆ రిజర్వాయర్ ప్రధానంగా డెల్టా కోసం. మునిగింది మాత్రం పల్నాడు, నల్లగొండ వైపు ఊళ్లు.

సాగర్ పక్కనే ఉన్నా వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో ఎత్తున ఉన్న పొలాలకు కాలువ అందదు. వాటి కోసమే వరికపూడిశెల ఎత్తిపోతల. 2023 నవంబర్‌లో మాచర్లలో దానికి శంకుస్థాపన జరిగింది. డ్యామ్ మీదకు పోలీసులు వచ్చింది ఆ తర్వాత రెండు వారాలకే.

అక్కడి రైతు అడుగుతున్నది గంగ, కావేరి ప్లాన్‌ను ఆపిన ప్రశ్నే. నీళ్లు కిందున్నాయి, పొలం పైనుంది. పైకి ఎత్తే కరెంట్ బిల్లు ఎవరు కడతారు?