గుంటూరు కుగ్లరమ్మగారు



మన బళ్ళారిలో 1961 నుండి వైద్య కళాశాల ఉన్నది. 2019లో వచ్చిన కొత్త పాఠ్య ప్రణాళిక ప్రకారము దేశమంతటా ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు రోగి మంచము దగ్గర తాము చూచినది, మనస్సుకు తోచినది వ్రాసి చూపించాలి. రోగి యెడల కనికరము నేర్పుటకే ఈ ఏర్పాటు. మార్కుల కోసం వ్రాస్తే కనికరము వస్తుందా అని మాలో కొందరికి సందేహమే. అందుకే, తుంగభద్ర కాలువల క్రింద భూములు చేసుకొందామని గుంటూరు వైపు నుండి వచ్చిన మన క్యాంపుల పెద్దలు ఎరిగిన ఒక పేరును జ్ఞాపకము చేసుకొందాము.

అన్నా సారా కుగ్లర్‌గారు 1856లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రములో పుట్టారు. 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొన్నారు. 1883లో లూథరన్ మిషనువారు ఆమెను గుంటూరుకు పంపారు. (మన మిషను కాదు, అయినా మంచిని మంచి అనాలి గదా.) పంపినది డాక్టరుగా కాదు, స్త్రీల మధ్య బోధించే పనికి. వైద్యపు పనికి మిషనువారు ఇంకా సిద్ధముగా లేరు. ఆమె మాత్రము ఆగలేదు. పురుష డాక్టరుకు చేయి చూపించని ఘోషా స్త్రీల ఇండ్లకు వెళ్ళి వైద్యము మొదలుపెట్టారు. 1885 చివరకు మిషను ఆమెను వైద్యురాలిగా నియమించినది.

ఆ మొదటి రోజులు తలచుకొంటే మాకు బాధ, ఆశ్చర్యము రెండూ కలుగుతాయి. ఆమె విదేశీయురాలు, క్రైస్తవురాలు గనుక ఆమె చేయి తగిలితే మైల అనుకొనేవారు. నాడి చూచి ఆమె గడప దాటగానే రోగికి స్నానము, కట్టిన గుడ్డలు నీళ్ళలోకి. నొప్పి తీర్చిన చేతినే కడుగుకొంటున్నారని ఆమెకు తెలుసు. మన పిల్లలలో ఎవరినైనా అలా చేస్తే మరునాడు ఆ ఇంటికి వెళ్తారా? మనమే వెళ్ళనిస్తామా? ఆమె మళ్ళీ వెళ్ళారు. పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళారు.

1898లో గుంటూరులో స్త్రీల, పిల్లల ఆసుపత్రి తెరిచారు. కొంతకాలానికి ఏలూరు రాజావారు మంత్రిప్రగడ భుజంగరావుగారు, తమ భార్యకు అందిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులకు సత్రము కట్టించారు. ఊరుగాని ఊరిలో మంచము ప్రక్కన రాత్రులు గడిపిన మన వలస కుటుంబాలకు ఆ సత్రము విలువ వేరే చెప్పనక్కరలేదు.

1905లో ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము ఇచ్చినది. 1928లో, డెబ్బది దాటిన వయస్సులో, ఆసుపత్రి చరిత్రను ఆమె స్వయముగా పుస్తకముగా వ్రాశారు. అంటే ఆమె కూడా వ్రాశారన్నమాట, గాని నలుబది ఏండ్లకు పైగా పని చేసిన తరువాత! 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. మన పెద్దల నోట అది కుగ్లరు ఆసుపత్రి.